జావాతో ఎక్స్‌ఎంఎల్‌ను డేటాబేస్‌లో దాచేటప్పుడు నేమ్‌స్పేస్‌లను ఎలా చూసుకోవాలి

"డాక్యుమెంట్ డేటాబేస్‌లో పడింది. తెరిచి చూస్తే టైటిల్ కళ్లముందే ఉంది. ఎక్స్‌పాత్ రాస్తే మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఎర్రర్ కూడా లేదు." కొంచెం అటూఇటూగా ఇదే ప్రశ్న నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. జవాబు దాదాపు ప్రతిసారీ ఒక్కటే: నేమ్‌స్పేస్ ఎక్కడో జారిపోయింది. (ఎక్స్‌పాత్ అంటే ఎక్స్‌ఎంఎల్‌లో ఏ ఎలిమెంట్ కావాలో చెప్పే క్వెరీ భాష. నేమ్‌స్పేస్ అంటే ఎలిమెంట్ పేరు ఏ పదజాలానికి చెందిందో చెప్పే గుర్తు.) పార్సింగ్ దగ్గర్నుంచి క్వెరీ దాకా ఏ మెట్టులో ఏం చేయాలో, ఎక్కడ జారుతుందో, జారిందని ఎలా కనిపెట్టాలో ఒకచోట రాస్తున్నాను.

ఉదాహరణకి ఆటమ్ ఫీడ్ (వెబ్‌సైట్లు తమ కొత్త విషయాలను పంచుకునే ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్) తీసుకుందాం. ఫీడ్ లోపల ఎంట్రీలు, ప్రతి ఎంట్రీలో ఒక టైటిల్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. వేరే డేటాబేస్‌లో పద్ధతి మారే చోట చెబుతాను. మెథడ్ల, ఎలిమెంట్ల పేర్లు పలికినట్టుగా తెలుగులో రాశాను, కోడ్‌లో వాటి మామూలు స్పెల్లింగే వాడండి.

తెలుసుకోవాల్సిన థియరీ ఇంతే. ఎలిమెంట్ అసలు పేరులో రెండు ముక్కలుంటాయి: నేమ్‌స్పేస్ యూఆర్‌ఐ, లోకల్ నేమ్. ప్రిఫిక్స్ అనేది ఆ డాక్యుమెంట్ వరకు ఆ యూఆర్‌ఐకి పెట్టుకున్న ముద్దుపేరు మాత్రమే. పంపేవాళ్లు రేపు ఆ ముద్దుపేరు మార్చినా, తీసేసి డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ప్రిఫిక్స్ లేని ఎలిమెంట్లకి వర్తించేది) పెట్టినా డాక్యుమెంట్ అర్థం మారదు. కాబట్టి మీ కోడ్ కూడా మారకూడదు.

కావలసినవి

జేడీకే 17 లేదా ఆపైది. పోస్ట్‌గ్రెస్ 10 లేదా ఆపైది, లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌తో బిల్డ్ చేసినది. దానికి తగ్గ జేడీబీసీ డ్రైవర్ (జావాని డేటాబేస్‌తో కలిపేది). పరీక్షలకి ఎక్స్‌ఎంఎల్‌యూనిట్ 2. వీటన్నిటికంటే ముఖ్యం, మీకు నిజంగా వచ్చే డాక్యుమెంట్లు కనీసం మూడు నాలుగు. స్పెసిఫికేషన్‌లో ఉన్న నమూనా ఒక్కటే చూసి మొదలుపెట్టకండి. పంపేవాళ్లు ప్రిఫిక్స్‌లు ఎలా వాడుతున్నారో అసలు డాక్యుమెంట్లలోనే తెలుస్తుంది.

1. యూఆర్‌ఐలన్నీ ఒకచోట రాసుకోండి

డాక్యుమెంట్ తెరిచి, ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. రూట్ ఎలిమెంట్ మీద ఉన్నవి చూసి ఆగకండి, లోపల ఎక్కడో ఒక ఎలిమెంట్ మీద ప్రకటించినవి కూడా ఉంటాయి. దొరికిన ప్రతి యూఆర్‌ఐని ఒక జావా క్లాసులో కాన్‌స్టెంట్‌గా పెట్టండి. చేత్తో టైప్ చేయకండి, డాక్యుమెంట్ నుంచి కాపీ చేయండి.

ఎందుకంటే యూఆర్‌ఐలను పోల్చేది అక్షరం అక్షరం. ఆటమ్ యూఆర్‌ఐ చివరి మాటలో మొదటి అక్షరం క్యాపిటల్. దాన్ని చిన్న అక్షరంగా కొడితే అది వేరే నేమ్‌స్పేస్. డబ్లిన్ కోర్ ఎలిమెంట్ల యూఆర్‌ఐ చివర స్లాష్ ఉంటుంది, ఆటమ్‌కి ఉండదు. మొదట్లో ఉన్న హెచ్‌టీటీపీకి ఎస్ చేర్చి "సెక్యూర్‌గా ఉంటుంది కదా" అనుకున్నవాళ్లని చూశాను. అది వెబ్‌లోకి వెళ్లి తెరిచే చిరునామా కాదు, ఒక పేరు. పేరులో అక్షరం చేరిస్తే పేరే మారిపోతుంది.

2. పార్సర్‌కి నేమ్‌స్పేస్‌లు చూడమని చెప్పండి

డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీకి నేమ్‌స్పేస్‌లు పట్టించుకునే గుణం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సెట్‌నేమ్‌స్పేస్‌అవేర్‌కి ట్రూ ఇచ్చి మీరే ఆన్ చేయాలి. జావా 13 నుంచి న్యూఎన్‌ఎస్‌ఇన్‌స్టెన్స్ అనే మెథడ్ ఉంది, దాంతో తీసుకుంటే మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది. శాక్స్‌పార్సర్‌ఫ్యాక్టరీది కూడా ఇదే కథ. స్టాక్స్ రీడర్‌కి (డాక్యుమెంట్‌ని ముక్కముక్కగా చదివే పార్సర్) మాత్రం మామూలుగానే ఆన్. ఈ తేడా వల్లే ఒకే ప్రాజెక్టులో ఒక మాడ్యూల్ బాగా పనిచేసి, పక్క మాడ్యూల్ చేయదు.

ఇది మర్చిపోయినా పార్సింగ్ ఆగదు. గెట్‌నోడ్‌నేమ్ పిలిస్తే పేరు వస్తుంది, పిల్ల ఎలిమెంట్లు వస్తాయి, అంతా బాగుందనిపిస్తుంది. లోపల మాత్రం లోకల్ నేమ్, నేమ్‌స్పేస్ రెండూ నల్.

సరిచూసుకోవడం: పార్స్ చేసిన వెంటనే రూట్ ఎలిమెంట్ మీద గెట్‌లోకల్‌నేమ్, గెట్‌నేమ్‌స్పేస్‌యూఆర్‌ఐ పిలిచి ప్రింట్ చేయండి. లోకల్ నేమ్ నల్ వస్తే ఇక్కడే ఆగండి, ముందుకెళ్లి లాభం లేదు.

జాగ్రత్త: డాక్యుమెంట్లు బయటినుంచి వస్తుంటే ఇదే ఫ్యాక్టరీలో డాక్‌టైప్‌ని నిషేధించే ఫీచర్ కూడా ఆన్ చేయండి. నేమ్‌స్పేస్‌తో దీనికి సంబంధం లేదు, కానీ బయటి ఎంటిటీల ద్వారా మీ సర్వర్‌లోని ఫైళ్లు చదివించే దాడి జరిగేది సరిగ్గా ఇక్కడే.

3. ఎలిమెంట్లు మీరే కడుతుంటే ఎన్‌ఎస్ మెథడ్లే వాడండి

క్రియేట్‌ఎలిమెంట్ వద్దు, క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ వాడండి. సెట్‌ఆట్రిబ్యూట్ బదులు సెట్‌ఆట్రిబ్యూట్‌ఎన్‌ఎస్. ఇది రూట్‌కి మాత్రమే కాదు, ప్రతి పిల్లకీ. డామ్‌లో (మెమరీలో ఉండే ఎలిమెంట్ల చెట్టు) తల్లి నేమ్‌స్పేస్ పిల్లకి వారసత్వంగా రాదు. రూట్‌ని ఆటమ్ నేమ్‌స్పేస్‌లో చేసి, ఎంట్రీని పాత మెథడ్‌తో చేస్తే మెమరీలో ఆ ఎంట్రీకి ఏ నేమ్‌స్పేసూ ఉండదు. బయటికి రాసినప్పుడు దాని మీద ఖాళీ కొటేషన్లతో ఒక ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ప్రత్యక్షమైతే, కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. దాన్ని స్ట్రింగ్ రీప్లేస్‌తో చెరిపేయకండి. ఆ ఎలిమెంట్ పుట్టిన లైను దగ్గరికి వెళ్లి సరిచేయండి.

ఆట్రిబ్యూట్ల విషయం వేరు. ప్రిఫిక్స్ లేని ఆట్రిబ్యూట్‌కి డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తించదు. ఆటమ్ లింక్‌లోని హెచ్‌రెఫ్ ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేదు, కాబట్టి దానికి యూఆర్‌ఐ స్థానంలో నల్ ఇవ్వాలి. "అన్నిటికీ ఇచ్చాను కదా, దీనికీ ఇద్దాం" అని ఆటమ్ యూఆర్‌ఐ ఇస్తే అది వేరే ఆట్రిబ్యూట్ అయిపోతుంది. అవతలివాళ్లకి హెచ్‌రెఫ్ దొరకదు.

ఇంకో పొరపాటు: పార్స్ చేసిన డాక్యుమెంట్‌కి నేమ్‌స్పేస్ మార్చాలని రూట్ మీద ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఆట్రిబ్యూట్‌ని కొత్త విలువతో సెట్ చేయడం. దాంతో ఎలిమెంట్ల నేమ్‌స్పేస్ మారదు, అది పుట్టినప్పుడే స్థిరపడింది. మార్చాలంటే ప్రతి ఎలిమెంట్ మీదా రీనేమ్‌నోడ్ పిలవాలి.

జాక్స్‌బీ (జావా ఆబ్జెక్టులను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే లైబ్రరీ) వాడేవాళ్లు ప్యాకేజ్ ఇన్ఫో ఫైల్‌లో ఎక్స్‌ఎంఎల్‌స్కీమా యానొటేషన్ పెట్టి, ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్‌ని క్వాలిఫైడ్ చేయండి. అది వదిలేస్తే రూట్‌కి నేమ్‌స్పేస్ ఉండి లోపలివాటికి ఉండని డాక్యుమెంట్ తయారవుతుంది. జాక్స్‌బీని జావా 11లో జేడీకే నుంచి తీసేశారు, విడిగా డిపెండెన్సీ చేర్చుకోవాలి. స్టాక్స్ రైటర్ వాడితే స్టార్ట్‌ఎలిమెంట్ రాసినంత మాత్రాన నేమ్‌స్పేస్ ప్రకటన రాదు. రైట్‌నేమ్‌స్పేస్ కూడా పిలవాలి, లేదా ఫ్యాక్టరీలో రిపేరింగ్ ప్రాపర్టీ ఆన్ చేయాలి.

4. టేబుల్‌లో నేమ్‌స్పేస్‌కి ఒక కాలమ్ ఇవ్వండి

ఎక్స్‌ఎంఎల్ కాలమ్ ఒక్కటే పెట్టి వదిలేయకండి. దాని పక్కన రూట్ నేమ్‌స్పేస్ యూఆర్‌ఐకి ఒక టెక్స్ట్ కాలమ్, రూట్ లోకల్ నేమ్‌కి ఇంకొకటి పెట్టండి. ఇన్‌సర్ట్ చేసేటప్పుడే నింపండి, ఇండెక్స్ వేయండి.

దీని విలువ వెర్షన్ మారిన రోజు తెలుస్తుంది. సోప్ (వెబ్ సర్వీసుల సందేశాల ఫార్మాట్) 1.1 ఎన్వలప్ నేమ్‌స్పేస్ వేరు, 1.2ది పూర్తిగా వేరు. పాతవీ కొత్తవీ ఒకే టేబుల్‌లో చేరినప్పుడు ఏ వరుసకి ఏ క్వెరీ నడపాలో ఈ కాలమ్ చెబుతుంది. పాత డాక్యుమెంట్లలో యూఆర్‌ఐని రీప్లేస్ చేసి "ఒకేలా" చేయాలన్న ఆలోచన వస్తుంది. వద్దు. అవి వచ్చినట్టే ఉండనివ్వండి.

డిజిటల్ సంతకం ఉన్న డాక్యుమెంట్లయితే, వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా ఇంకో బైనరీ కాలమ్‌లో దాచండి. అర్థం పరంగా ప్రిఫిక్స్‌కి విలువ లేకపోయినా సంతకం లెక్కలో ఉంటుంది. కెనానికలైజేషన్ (సంతకం లెక్కకి ముందు ఎక్స్‌ఎంఎల్‌ని ఒకే ప్రామాణిక రూపంలోకి తేవడం) ప్రిఫిక్స్‌లను అలాగే ఉంచుతుంది కాబట్టి ఒక్క ప్రిఫిక్స్ మారినా సంతకం చెల్లదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ఎంఎల్ టైప్ ప్రిఫిక్స్‌లను కాపాడుతుందన్న హామీ లేదని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ఎంఎల్ టైపే లేదు, కాబట్టి అక్కడ టెక్స్ట్‌గా దాచి ఎక్స్‌పాత్ పని జావాలో చేసుకోవడం మేలు.

5. ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ఎంఎల్ ద్వారా పంపండి

కనెక్షన్ మీద క్రియేట్‌ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ఎంఎల్ పిలిచి ఆబ్జెక్ట్ తీసుకోండి. డాక్యుమెంట్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌తో టెక్స్ట్‌గా మార్చి సెట్‌స్ట్రింగ్‌తో అందులో పెట్టండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కి సెట్‌ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ఎంఎల్‌తో ఇవ్వండి. పని అయ్యాక ఫ్రీ పిలవండి. ఒక ఆబ్జెక్ట్‌లో ఒక్కసారే రాయగలరు, లూప్‌లో ప్రతి డాక్యుమెంట్‌కీ కొత్తది కావాలి.

డామ్‌రిజల్ట్ ద్వారా నేరుగా పంపే దారి కూడా ఉంది. నేను టెక్స్ట్ దారినే ఇష్టపడతాను. డేటాబేస్‌కి వెళ్లింది అక్షరాలా ఏమిటో లాగ్‌లో చూసుకోవచ్చు, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఎక్స్‌ఎంఎల్ కాలమ్‌కి స్టేట్‌మెంట్ మీదే నేరుగా సెట్‌స్ట్రింగ్ వాడితే, కాలమ్ టైప్ ఎక్స్‌ఎంఎల్, మీరిచ్చింది క్యారెక్టర్ వేరియింగ్ అని పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. టెన్షన్ పడకండి, పైన చెప్పిన పద్ధతికి మారితే పోతుంది.

6. ముక్కలుగా కోసి దాచేటప్పుడు

ఎక్కువ డేటా పాడయ్యేది ఈ మెట్టులోనే, కాబట్టి నిదానంగా చదవండి. పెద్ద ఫీడ్‌ని అలాగే కాకుండా ఒక్కో ఎంట్రీని ఒక్కో వరుసగా దాచాలనుకుంటాం. నేమ్‌స్పేస్ ప్రకటన ఉన్నది ఫీడ్ మీద. ఎంట్రీని సబ్‌స్ట్రింగ్‌తో కోస్తే ఆ ప్రకటన వెనకే ఉండిపోతుంది.

ఎంట్రీలో ప్రిఫిక్స్‌లు ఉంటే అదృష్టం. ప్రిఫిక్స్ బైండ్ కాలేదని తర్వాత పార్సర్ గట్టిగా అరుస్తుంది, మీకు తెలిసిపోతుంది. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ అయితే ఎవరూ అరవరు. కోసిన ముక్క చక్కటి ఎక్స్‌ఎంఎల్‌లాగే ఉంటుంది, డేటాబేస్ ఒప్పుకుంటుంది, కానీ అందులోని ఎంట్రీ ఇక ఆటమ్ ఎంట్రీ కాదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇలా కోసిన వరుసలు, మంచి వరుసలు ఒకే టేబుల్‌లో కలిసిపోయాయి. రిపోర్టులో లెక్క తక్కువ వస్తోందని ఎవరో అడిగేదాకా మాకు తెలియలేదు. ఏవి పాడైనవో ఏరడానికే రెండు రోజులు పట్టింది.

సరైన పద్ధతి: కొత్త డాక్యుమెంట్ సృష్టించి, ఇంపోర్ట్‌నోడ్‌తో ఎంట్రీని లోపలిదాకా కాపీ చేసి, రూట్‌గా తగిలించి, అప్పుడు టెక్స్ట్‌గా రాయండి. ఎలిమెంట్ల, ఆట్రిబ్యూట్ల పేర్లలో వాడిన నేమ్‌స్పేస్‌లను సీరియలైజర్ (డామ్‌ని టెక్స్ట్‌గా రాసేది) మళ్లీ ప్రకటిస్తుంది.

కానీ విలువల్లో దాగిన ప్రిఫిక్స్‌లు దానికి కనపడవు. ఎక్స్‌ఎస్‌ఐ టైప్ ఆట్రిబ్యూట్ (ఎలిమెంట్ ఏ టైప్‌దో చెప్పేది) విలువలో ఒక ప్రిఫిక్స్, కోలన్, టైప్ పేరు ఉంటాయి కదా. సీరియలైజర్‌కి అది మామూలు టెక్స్ట్. ఆ ప్రిఫిక్స్‌ని పై ఎలిమెంట్‌లో ప్రకటించి ఉంటే ముక్కలో అది తప్పిపోవచ్చు. అందుకని ఎంట్రీ నుంచి పైకి, తల్లి మీంచి రూట్ దాకా నడుస్తూ ప్రకటనలన్నీ పోగుచేయండి. ఒకే ప్రిఫిక్స్ రెండుసార్లు కనబడితే ఎంట్రీకి దగ్గరున్నదే చెల్లుతుంది, పైది వదిలేయండి. పోగైనవాటిని ముక్క రూట్ మీద సెట్‌ఆట్రిబ్యూట్‌ఎన్‌ఎస్‌తో పెట్టండి. ఈ ప్రకటనలకంటూ ఒక ప్రత్యేక యూఆర్‌ఐ ఉంది, ఎక్స్‌ఎంఎల్‌కాన్‌స్టెంట్స్ క్లాసులో సిద్ధంగా దొరుకుతుంది. అలా నడిచేటప్పుడే ఎక్స్‌ఎంఎల్:లాంగ్, ఎక్స్‌ఎంఎల్:బేస్ ఆట్రిబ్యూట్లు కూడా చూసుకోండి. ఆటమ్ ఫీడ్‌లో బేస్ పై ఎలిమెంట్ మీద ఉంటే, ముక్కలోని సగం రాసిన లింకులు దాని మీదే ఆధారపడతాయి.

7. క్వెరీలో ప్రిఫిక్స్ మీరే పెట్టండి

ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేని పేరుకి అర్థం "ఏ నేమ్‌స్పేసూ లేని ఎలిమెంట్". డాక్యుమెంట్‌లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉన్నా సరే. అందుకే //ఎంట్రీ/టైటిల్ అని అడిగితే ఖాళీ వస్తుంది, //అ:ఎంట్రీ/అ:టైటిల్ అని అడగాలి. ఇక్కడి "అ" డాక్యుమెంట్‌లో ఉండాల్సిన పనిలేదు. మీ క్వెరీలో మీరు పెట్టుకున్న ముద్దుపేరు అది, ఆటమ్ యూఆర్‌ఐకి కట్టి ఉంటే చాలు. తెలుగు అక్షరమైనా ఎక్స్‌ఎంఎల్ నియమాల ప్రకారం చెల్లుతుంది.

జావాలో అయితే ఎక్స్‌పాత్ ఆబ్జెక్ట్‌కి నేమ్‌స్పేస్‌కాంటెక్స్ట్ ఇవ్వాలి. మూడు మెథడ్లున్న చిన్న ఇంటర్‌ఫేస్, మీరే రాసుకోవచ్చు. స్ప్రింగ్ వాడేవాళ్లకి సింపుల్‌నేమ్‌స్పేస్‌కాంటెక్స్ట్ రెడీగా ఉంది.

పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పాత్ ఫంక్షన్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా జతల అర్రే ఇవ్వండి: ప్రతి జతలో మొదట ప్రిఫిక్స్, తర్వాత యూఆర్‌ఐ. ఒకటే నేమ్‌స్పేస్ ఉన్నా అది అర్రే లోపల అర్రేగానే ఉండాలి. చాలామంది ఒక్క పొరతో ఇచ్చి ఎర్రర్ తెచ్చుకుంటారు.

ఎక్కువ కాలమ్‌లు కావాలంటే పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉన్న ఎక్స్‌ఎంఎల్‌టేబుల్ వాడండి, ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ భాగంతో. ఒరాకిల్‌లో అందులో డిఫాల్ట్ అని రాసి ప్రిఫిక్స్ లేకుండా నడపొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ చెల్లదు, ప్రిఫిక్స్ తప్పదు. వరుసలు సరిగ్గా వచ్చి కాలమ్‌లన్నీ నల్‌గా ఉంటే ఒకటే కారణం చూడండి: వరుస ఎక్స్‌పాత్‌లో ప్రిఫిక్స్ పెట్టి, కాలమ్‌ల పాత్‌లలో మర్చిపోయారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విత్ ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ వాడేటప్పుడు ముందున్న స్టేట్‌మెంట్ సెమీకోలన్‌తో ముగియాలి.

ఇక లోకల్‌నేమ్ ఫంక్షన్ గురించి. నేమ్‌స్పేస్ గొడవే లేకుండా లోకల్ నేమ్ టైటిల్ అయితే చాలు అని రాయొచ్చు, పనిచేస్తుంది. అందుకే సలహాల్లో ఇదే ఎక్కువగా కనబడుతుంది. కానీ ఆటమ్ ఎంట్రీలో వీడియో వివరాల కోసం మీడియా ఆర్‌ఎస్‌ఎస్ నేమ్‌స్పేస్ ఎలిమెంట్లు కూడా ఉండొచ్చు, వాటిలోనూ ఒక టైటిల్ ఉంటుంది. రెండూ కలిసి వస్తాయి, ఏది ఏదో తెలియదు. తెలియని డాక్యుమెంట్‌ని తొలిసారి తడిమి చూడడానికి వాడండి, ప్రొడక్షన్ క్వెరీలో వద్దు.

ఇండెక్స్: పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ఎంఎల్ కాలమ్ మీద నేరుగా ఇండెక్స్ వేయలేరు. ఎక్స్‌పాత్ ఫలితంలో మొదటిదాన్ని టెక్స్ట్‌గా మార్చి, ఆ ఎక్స్‌ప్రెషన్ మీద వేయాలి. క్వెరీలోనూ అదే ఎక్స్‌ప్రెషన్ ఉండాలి, నేమ్‌స్పేస్ అర్రేతో సహా. ఇండెక్స్‌లో "అ" అని, క్వెరీలో "ఆ" అని పెడితే ఫలితం అదే వస్తుంది కానీ ఇండెక్స్ వాడబడదు. అందుకే ప్రిఫిక్స్‌లను కూడా మొదటి మెట్టులోని కాన్‌స్టెంట్ల పక్కనే పెట్టుకోండి.

8. పని సరిగ్గా జరిగిందో పరీక్షించండి

ఒకే ఎంట్రీని మూడు రూపాల్లో రాయండి. మొదటిది డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌తో. రెండోది మీరు కోడ్‌లో ఎక్కడా వాడని ఏదో ఒక ప్రిఫిక్స్‌తో. మూడోదాంట్లో ప్రకటన రూట్ మీద కాకుండా ప్రతి ఎలిమెంట్ మీదా. మూడింటినీ ఇన్‌సర్ట్ చేసి క్వెరీ నడపండి. మూడింటికీ అదే టైటిల్ రావాలి. నాలుగోది నేమ్‌స్పేస్ అసలు లేకుండా రాయండి. దానికి ఏమీ రాకూడదు. వస్తే మీ క్వెరీ ఎక్కడో లోకల్ నేమ్ మీదే నడుస్తోంది.

దాచినదాన్ని తిరిగి తెచ్చి అసలుతో పోల్చేటప్పుడు స్ట్రింగ్‌ల పోలిక వద్దు. డామ్‌లోని ఈజ్‌ఈక్వల్‌నోడ్ కూడా ప్రిఫిక్స్‌ని చూస్తుంది, ప్రిఫిక్స్ మారితే ఫాల్స్ ఇస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌యూనిట్‌లో చెక్‌ఫర్‌సిమిలర్ వాడండి, ప్రిఫిక్స్ తేడాని అది తేడాగా లెక్కపెట్టదు.

ఇప్పటికే డేటా నిండిన టేబుల్ అయితే ఎక్స్‌పాత్‌ఎగ్జిస్ట్స్ ఫంక్షన్‌తో, నేమ్‌స్పేస్ అర్రే ఇచ్చి, /అ:ఎంట్రీ ఉన్న వరుసలు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత ప్రిఫిక్స్ లేకుండా /ఎంట్రీ అని ఇంకోసారి. రెండో లెక్క సున్నా కాకపోతే ఆ వరుసలు కోసినప్పుడు నేమ్‌స్పేస్ పోగొట్టుకున్నవి. అసలు ఫీడ్ మీ దగ్గర ఉంటే దాన్నుంచి ఆరో మెట్టు ప్రకారం వాటిని మళ్లీ దాచండి. లేకపోతే ముందు ఆ వరుసల ఐడీలు విడిగా ఒక టేబుల్‌లో రాసుకుని, ఒక్కో డాక్యుమెంట్‌ని జావాలో పార్స్ చేసి, నేమ్‌స్పేస్ లేని ఎలిమెంట్లకి మాత్రమే రీనేమ్‌నోడ్‌తో ఆటమ్ యూఆర్‌ఐ ఇచ్చి తిరిగి రాయండి. అయ్యాక రెండు లెక్కలూ మళ్లీ తీయండి.